ఐదో పాఠం: ఆదివారం ఏం చేస్తారు?

మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయాడని పోలీసులు రాసుకున్నారు. కదిలే రైల్లోంచి దూకి కూడా చొక్కా నలగనివ్వని మనిషి, సీక్రెట్ సర్వీసులో అందరికంటే సీనియర్, ఒక ఫ్రెంచ్ ట్యూషన్ సెంటర్ మెట్ల మీద కాలు జారి మెడ విరగ్గొట్టుకున్నాడంటే నమ్మేవాళ్లు నమ్మొచ్చు. బాబాయ్ నమ్మలేదు.

బాబాయ్ అంటే వరసకి ఎవరికీ బాబాయ్ కాదు. డిపార్ట్‌మెంట్ చీఫ్. కోపమొచ్చినా నవ్వొచ్చినా మీసం ఒకేలా కదులుతుంది కాబట్టి ఎదుటివాడు ఎప్పుడూ భయపడుతూనే ఉండాలి.

"గోడా, నీకు ఫ్రెంచ్ వచ్చా?"

"ఒక్క ముక్క రాదు సార్."

"భేష్. అదే క్వాలిఫికేషన్."

గోడ అనేది మన ఏజెంట్ కోడ్ నేమ్. గోడలకి చెవులుంటాయి కదా, అందుకని ఆఫీసు పెట్టిన పేరు. అతని భార్య కూడా ఆ పేరుతోనే పిలిచేది, కారణం వేరు. గోడకి చెప్పినా ఒకటే, నీకు చెప్పినా ఒకటే అని. ఒకరోజు చెప్పడం మానేసి వెళ్లిపోయింది. అతను చాలాసేపటిదాకా గమనించలేదు.

బాబాయ్ ఒక ఫోటో ముందుకి తోశాడు. బట్టతల, లావుపాటి కళ్లద్దాలు, ఫోటో తీస్తున్నందుకు క్షమాపణ అడుగుతున్నట్టు మొహం.

"తాళాలాయన. మన సీక్రెట్ మెసేజ్‌లన్నిటికీ కోడ్ రాసేది ఈయనే. పాత కోడ్‌ని వాళ్లు ఎప్పుడో పగలగొట్టేశారు. మనం వైర్‌లెస్‌లో తుమ్మినా వాళ్లకి అర్థమైపోతోంది. కొత్త కోడ్ ఈయన తలకాయలో ఉంది. కాగితం మీద పెట్టొద్దని మనమే చెప్పాం. ఈ నెలాఖరు సోమవారం మెషీన్లకి ఎక్కిస్తాడు."

"ఈలోపు ఈయనకేమైనా అయితే?"

"మనం పావురాల్ని పెంచుకోవాలి."

మీసం కదిలింది. నవ్వో కోపమో తెలియలేదు.

"వారమంతా ఆఫీసులోనే ఉంటాడు. అక్కడ చీమ కూడా పాస్ చూపించాలి. బాధంతా ఆదివారంతోనే. ఎక్కడికెళ్తాడో చెప్పడు. అదేమంటే నా సొంత విషయం అంటాడు. వెనకాల మనిషిని పెడితే బస్సు ఎక్కి బస్సు దిగి మాయమైపోతాడు. కోడ్‌లు రాసే బుర్ర కదా! చచ్చేముందు మన సీనియర్ కనిపెట్టాడు, లోకం మొత్తంలో ఒక్కచోటే నోరు విప్పుతాడని. ఫ్రెంచ్ క్లాసులో."

"అక్కడెందుకు?"

"అక్కడ పాఠమే అది. మీరేం చేస్తుంటారు, ఈ వీకెండ్‌కి ఏం ప్లాన్. ఒకళ్లనొకళ్లు అడగాలి, చెప్పాలి. ఇంతకంటే మంచి ఇంటరాగేషన్ రూమ్ ఎక్కడైనా ఉందా? దెబ్బ కొట్టక్కర్లేదు. ఫీజు కట్టి మరీ చెబుతారు."

ఆ ఉపాయం పరాయి ముఠాదే. టీచరు వాళ్ల మనిషి. కొన్నేళ్లుగా రహస్యంగా మన మనిషి కూడా. అసలు ఎవరి మనిషో ఆవిడకైనా తెలుసా అన్నది బాబాయ్ అనుమానం. ఆవిడ సమాచారం అందిస్తే పని పూర్తి చేసేవాడు ఒకడున్నాడు. పేరు డెంటిస్ట్. నొప్పి తెలియకుండా పీకేస్తాడని ఆ పేరు.

"తాళాలాయన్ని సోమవారం దాకా ఎక్కడైనా దాచేయొచ్చుగా సార్?"

"దాచేస్తే డెంటిస్ట్ దొరకడు."

"అంటే ఆయన ఎర."

"ఎర అని ఎరకి చెప్పకు," అన్నాడు బాబాయ్.

సామాన్లు తెచ్చిచ్చింది అల్లుడుగారు. బాబాయ్‌కి నిజంగానే అల్లుడు. మామగారి సిఫార్సుతో చేరి, డ్యూటీ ఆఫీసర్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడు. ఆఫీసంతా అతన్ని 'గారు' తగిలించే పిలుస్తుంది, గౌరవంతో కాదు. ట్రేలో ఒక పెన్ను ఉంది.

"ఒక్క బుల్లెట్ పడుతుంది. రాయడానికి పనికిరాదు," అన్నాడు అల్లుడుగారు.

"కాల్చడానికి?"

"వాడాక మీరే చెప్పాలి."

*

ట్యూషన్ సెంటర్ రెండో అంతస్తులో ఉంది. కింద రేకు డబ్బాలు చేసే వర్క్‌షాప్. అక్కడి ప్రెస్సు మెషీన్ ఒక్క ఆదివారం తప్ప రోజంతా దబ్ దబ్ మని కొడుతూనే ఉంటుంది. ఫ్రెంచ్ ఎంత మెత్తటి భాషైనా ఆ బిల్డింగులో మాత్రం సుత్తి దెబ్బలతోనే నేర్చుకోవాలి. క్లాసు రూము పక్కనే అద్దాల గోడతో లిజనింగ్ రూమ్. అందులో వరసగా టేప్ రికార్డర్లు, హెడ్‌ఫోన్లు. టేపు ప్రశ్న అడుగుతుంది, స్టూడెంట్ జవాబు చెబితే అదీ టేపు మీద రికార్డవుతుంది. దాని వెనక ఇంకో అద్దం, ఆ అద్దం అవతల టీచరు కూర్చునే చిన్న గది. అక్కడ స్విచ్ నొక్కి మైకులో మాట్లాడితే హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది.

మేడమ్ లోపలికొచ్చిందంటే మెషీన్ కూడా కాస్త నెమ్మదించినట్టుండేది. మెడకి సిల్కు స్కార్ఫు, కళ్లకి నల్లద్దాలు, పలకరిస్తే ఎండాకాలంలో ఫ్రిజ్ తలుపు తీసినంత చల్లగా గొంతు. అందగత్తె. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి విసిగిపోయినట్టు కూడా కనిపించేది.

"ఐదో పాఠం. పక్కవాళ్లని అడగండి. కెస్ కె వూ ఫెత్ స వీకెండ్? ఈ వీకెండ్ ఏం చేస్తున్నారు? జవాబు పూర్తి వాక్యంలో చెప్పాలి. ముక్కలు ముక్కలుగా చెబితే ఒప్పుకోను."

గోడ పక్కన కూర్చున్నది తాళాలాయనే. అలా కూర్చునేలా డిపార్ట్‌మెంట్ ముందే ఏర్పాటు చేసింది.

గోడ అడిగాడు. తాళాలాయన కళ్లద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఎంతో సంతోషంగా చెప్పాడు. "జ వే ఆ లా పిసీన్ అవెక్ మా ఫీయ్." ఆదివారం మా అమ్మాయితో కలిసి స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తాను. "ఎ వూ?" మరి మీరు?

"జ జూ ఓ తెనిస్," అన్నాడు గోడ. టెన్నిస్ ఆడతాను. పుట్టి బుద్ధెరిగాక అతను రాకెట్ పట్టుకున్న పాపాన పోలేదు. ఆదివారాలు చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, మోగని ఫోన్ పక్కన కూర్చుంటాడు. కానీ ఐదో పాఠంలో ఇస్త్రీ అనే మాట లేదు.

మేడమ్ వాళ్ల బెంచీ దగ్గర ఆగింది. నల్లద్దాలు కిందికి దించి గోడని చూసింది.

"వాక్యం బాగుంది. ఉచ్చారణే కుదరలేదు. ఎప్పుడూ టెన్నిస్ ఆడనివాడిలా పలికారు."

ఆవిడ ముందుకి వెళ్లిపోయింది.

వారాలు గడిచాయి. క్లాసయ్యాక ఇద్దరూ కలిసి బస్టాపు దాకా నడిచేవారు. "డాక్టరు రోజుకొకరితోనైనా మాట్లాడమన్నాడండీ," అన్నాడు తాళాలాయన ఒకసారి. "ఆ మందు షాపులో దొరకదు కదా, అందుకని ఇందులో చేరాను." చెప్పి తనే నవ్వాడు. గోడ కూడా నవ్వాడు. ఆ మనిషంటే అతనికి ఇష్టం ఏర్పడింది. గూఢచారికి రాకూడని జబ్బుల్లో అదొకటి. ఈయన చచ్చిపోతే తట్టుకోలేనని అతనికి బస్టాపులోనే తెలిసిపోయింది.

నెలాఖరు దగ్గరపడింది. ఆఖరి వారం కూడా జవాబు అదే. ఆదివారం, అమ్మాయి, పూల్. గోడ రిపోర్టు ఇచ్చాడు. మేడమ్ కూడా ఇన్నాళ్లూ ఆపి, ముఠాకి ఇప్పుడు అదే రిపోర్టు ఇచ్చానంది. పూల్ చుట్టూ వల పన్నడానికి బాబాయ్ సిద్ధమయ్యాడు.

*

శనివారం మధ్యాహ్నం గోడ ట్యూషన్ సెంటర్‌కి వెళ్లాడు. క్లాసు లేదు. తాళం తీయడం అతనికి చిన్నప్పటి విద్య. పూల్ దగ్గర ఎదురుపడితే ఒక వాక్యమైనా తప్పుల్లేకుండా చెప్పాలని ఐదో పాఠం ప్రాక్టీసు చేద్దామనుకున్నాడు. కింద మెషీన్ దబ్ దబ్ మంటోంది.

టేపు పెట్టాడు. పాఠం అయిపోయాక కూడా అది తిరుగుతూనే ఉంది. అప్పుడు తాళాలాయన గొంతు వినిపించింది.

అదే జవాబు. అమ్మాయితో పూల్‌కి వెళ్తాను. మళ్లీ అదే. ఇంకోసారి, ఈసారి కొంచెం నవ్వుతూ. ఇంకోసారి, ఎవరో పక్కనున్నట్టు. గోడ వింటూ కూర్చున్నాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది.

టేపులో సుత్తి దెబ్బలు లేవు.

ఆ బిల్డింగులో దబ్ దబ్ వినపడని రోజు వారంలో ఒక్కటే. తాళాలాయన ఆదివారాలు పూల్‌లో లేడు. ఇక్కడ, ఈ కుర్చీలోనే ఉన్నాడు.

టేపు చివర్లో ఆయన ఫ్రెంచ్ వదిలేసి మామూలు మాటల్లో అన్నాడు. "నాకు అమ్మాయి లేదు మేడమ్. నీళ్లంటే భయం. పాఠంలో ఉన్న మాటల్లో అదే బాగుందనిపించింది, అంతే. మీరు తాళంచెవి ఇచ్చినందుకు చాలా థాంక్స్. ఆదివారం గడవడం చాలా కష్టంగా ఉండేది."

గోడ హెడ్‌ఫోన్లు తీసేశాడు. తను టెన్నిస్ ఆడినట్టే ఆయనా పూల్‌కి వెళ్లాడు. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ఇన్ని వారాలు పట్టినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

తిట్టుకున్నాక ట్రైనింగు గుర్తొచ్చింది. కొత్త సమాచారం దొరికితే వెంటనే రిపోర్టు చెయ్యాలి. ఫోన్ బూత్‌లోంచి ఆఫీసుకి చేశాడు. డ్యూటీలో అల్లుడుగారు.

"టార్గెట్ పూల్‌కి రాడు. ట్యూషన్ సెంటర్, లిజనింగ్ రూమ్, ఆదివారం పొద్దున. మనవాళ్లని ఇక్కడికి మార్చమనండి."

"వెంటనే మామయ్యకి చెప్తాను. మీరు మాత్రం పూల్ దగ్గరకే రండి. మీరు కనబడకపోతే వాళ్లకి అనుమానం వస్తుంది."

మాట సబబుగానే ఉంది. గోడ ఫోన్ పెట్టేశాడు. చాలా కాలానికి ఒక పని సరిగ్గా చేశాననుకున్నాడు.

*

ఆదివారం పొద్దున పూల్‌లో పిల్లలకంటే గూఢచారులే ఎక్కువున్నారు. పొట్టలు లోపలికి బిగించుకుని, టవళ్లలో పిస్తోళ్లు చుట్టుకుని, ఈత రాక నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నారు. టికెట్ కౌంటర్లో టోపీ పెట్టుకుని బాబాయ్.

గోడ కౌంటర్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, మనవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?"

"మరెక్కడుండాలి?"

"నిన్న మెసేజ్ ఇచ్చాను కదా!"

"ఏ మెసేజ్?"

గోడ కౌంటర్ లోపలికి తొంగి చూశాడు.

"అల్లుడుగారెక్కడ సార్?"

"పొద్దున్నే సెలవు పెట్టాడు. పంటినొప్పి, డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలని..." బాబాయ్ మాట మధ్యలో ఆగిపోయింది. మీసం కదల్లేదు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ మామ రహస్యాల్ని అల్లుడు దానం చేశాడు. కంచే చేను మేస్తుంటే ఇన్నాళ్లూ ఊరంతా దొంగల కోసం గాలించారు.

అప్పుడే నల్లద్దాలావిడ కౌంటర్ దగ్గరికి వచ్చింది. టికెట్ అడుగుతున్నట్టు చెయ్యి చాచి గోడతో అంది, "కెస్ కె వూ ఫెత్ స వీకెండ్? డెంటిస్ట్ రాలేదు. రాత్రికి రాత్రి ప్లాన్ మారింది. ఎవరికి చెప్పావు?"

"మా ఆఫీసుకి."

"నీ నోట్లో మన్ను పడ!" అంది మేడమ్. ఆ మాటకి మాత్రం ఉచ్చారణ అద్భుతంగా కుదిరింది.

ఆవిడ కారు నడుపుతోంది. వైర్‌లెస్‌లో సాయం పిలవడానికి లేదు. పాత కోడ్, ముఠా వింటుంది. బాబాయ్ మనుషులు తడిబట్టలతో జీపుల వైపు పరుగెత్తుతుండటం అద్దంలో కనిపించింది, తర్వాత కనిపించలేదు.

"పూల్ సంగతి అబద్ధమని మీకు ముందే తెలుసు," అన్నాడు గోడ.

"ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఐదో పాఠంలో ఎవరూ నిజం చెప్పరు. తెలిసిన మాటలతో ఒక ఆదివారం కట్టుకుంటారు. ఆయన అబద్ధాన్నే రెండు వైపులా నిజమని అమ్మాను. నా లెక్కప్రకారం ఈరోజు అందరూ పూల్ చుట్టూ కూర్చుని ఎండకి మాడాలి. రేపు సోమవారం. ఆయన బతికిపోవాలి."

"మరి మాకైనా చెప్పాల్సింది కదా!"

"మీ ఆఫీసుకి చెబితే ఏమవుతుందో నువ్వే చూపించావుగా."

నిజాన్ని వెతికి పట్టుకుని, జాగ్రత్తగా మోసుకెళ్లి హంతకుడి చేతిలో పెట్టింది గోడే. మింగలేడు, కక్కలేడు.

"ఆయన కోసం ఎందుకింత తెగింపు?"

మేడమ్ హారన్ కొట్టి ఒక లారీని దాటించింది. "వందలమందిని ఆ ప్రశ్న అడిగాను. జవాబు చెప్పి, 'ఎ వూ, మరి మీరు?' అని తిరిగి నన్ను అడిగింది ఆయనొక్కడే."

*

వర్క్‌షాప్ షట్టర్ దించి ఉంది. బిల్డింగంతా నిశ్శబ్దం. వాళ్లు చెప్పులు విప్పి మెట్లెక్కారు. సీనియర్ పడిన మెట్టు దగ్గర గోడ ఒక్క క్షణం చూపు తిప్పుకున్నాడు. పైకి రాగానే మేడమ్ పక్క తలుపులోంచి టీచరు గదిలోకి జారుకుంది.

కారిడార్ చివర, లిజనింగ్ రూమ్ వాకిట్లో డెంటిస్ట్ నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, తెల్లటి గ్లవ్స్, సైలెన్సర్ బిగించిన పిస్తోలు. లోపల తాళాలాయన వీపు ఇటు తిప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాల్లోకి చెయ్యి ఊపుతూ ఎవరికో తన ఆదివారం గురించి చెబుతున్నాడు. అరిచినా వినపడదు. పిస్తోలు పైకి లేచింది.

గోడ పెన్ను తీసి గురిపెట్టి నొక్కాడు. బుస్సుమని సిరా కారింది. రాయడానికి పనికిరాదన్న పెన్ను జీవితంలో మొదటిసారి ఆ క్షణానే రాయాలనుకుంది.

అంతలో తాళాలాయన హెడ్‌ఫోన్లలో క్లాసులో వినపడే చల్లటి గొంతు వినిపించింది.

"మీ పుస్తకం కింద పడింది. వంగి తీసుకోండి."

బుద్ధిమంతుడైన విద్యార్థి. ఎందుకని అడగలేదు, వంగాడు. బుల్లెట్ ఆయన తల ఉన్న చోటు నుంచి వెళ్లి టేప్ రికార్డర్‌లో దిగింది. ఆయన అలాగే బల్ల కింద నక్కిపోయాడు. డెంటిస్ట్ తలెత్తాడు. అద్దం అవతల, మైకు ముందు మేడమ్. రెండో బుల్లెట్‌కి అద్దం భళ్లున పగిలింది.

మూడోది కాల్చే అవకాశం గోడ ఇవ్వలేదు. కారిడార్ బల్ల మీదున్న పాత టేప్ రికార్డర్‌ని రెండు చేతులా ఎత్తి డెంటిస్ట్ నెత్తిన దించాడు. వాడు కూలిపోయాడు. నొప్పి తెలిసిందో లేదో వాడే చెప్పాలి.

తాళాలాయన బల్ల కింద నుంచి పుస్తకం పట్టుకుని లేచాడు. "నా పుస్తకం ఒళ్లోనే ఉందండీ," అన్నాడు. తర్వాత పగిలిన అద్దం చూశాడు.

మేడమ్ టీచరు గదిలో నేల మీద ఉంది. సిల్కు స్కార్ఫు రంగు మారుతోంది. గోడ ఆవిడ తలని ఒళ్లో పెట్టుకున్నాడు. కింద జీపుల బ్రేకులు కీచుమన్నాయి. ఎప్పటిలాగే ఆలస్యంగా.

"కెస్ కె వూ ఫెత్... స వీకెండ్?" అంది ఆవిడ.

"ఏం లేదు మేడమ్," అన్నాడు గోడ.

"పూర్తి వాక్యంలో... చెప్పాలి."

అతను వాక్యం కూర్చుకున్నాడు. తెలిసిన మాటలన్నీ వెతుక్కున్నాడు. "నేను ఈ వీకెండ్ ఇస్త్రీ చేసుకుంటాను మేడమ్. ప్రతి వీకెండ్ అంతే. నాకు టెన్నిస్ రాదు." ఆగి అడిగాడు, "ఎ వూ?"

అడగటం ఆలస్యమైంది. వాకిట్లో తాళాలాయన పుస్తకంతో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు.

*

సోమవారం కొత్త కోడ్ మెషీన్లకెక్కింది. సాయంత్రానికి తాళాలాయనకి కొత్త పేరు, కొత్త ఊరు వచ్చాయి. ఎక్కడో గోడకి చెప్పరు, అడగకూడదు. అల్లుడుగారిని రైల్వే స్టేషన్‌లో పట్టుకున్నారు. అరెస్టు ఆర్డర్ మీద సంతకం పెట్టి బాబాయ్ చాలాసేపు పెన్ను మూయలేదు.

"మా అమ్మాయికి ఎవరు చెబుతారురా?" అన్నాడు. "నువ్వు చెప్పగలవా? ఏ భాషలోనైనా సరే."

మేడమ్‌కి అంత్యక్రియలు జరగలేదు. అటు వాళ్లూ మా మనిషి కాదన్నారు, ఇటు మనవాళ్లూ మా మనిషి కాదన్నారు. మునిసిపాలిటీ వాళ్లు తీసుకెళ్లారు. గోడ వ్యాన్ వెనకాల గేటు దాకా నడిచాడు, అంతకుమించి వెళ్లడానికి ఆర్డర్స్ లేవు.

ఉన్నట్టుండి మానేస్తే అనుమానం వస్తుందని, కోర్సు పూర్తయ్యేదాకా క్లాసుకి వెళ్లమన్నారు. వెళ్లాడు. అద్దం కొత్తది బిగించారు. కింద మెషీన్ దబ్ దబ్ మంటోంది. పక్క కుర్చీ ఖాళీ. కొత్త టీచరు చిన్నపిల్ల, మొహం నిండా ఉత్సాహం. పాత పాఠాలు ఒకసారి చూద్దామంటూ నేరుగా గోడ దగ్గరికే వచ్చింది.

"కెస్ కె వూ ఫెత్ స వీకెండ్?"

గోడ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. నెమ్మదిగా, పూర్తి వాక్యంలో చెప్పాడు. "జ వే ఆ లా పిసీన్ అవెక్ మా ఫీయ్."

కొత్త టీచరు చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"ఎంత బాగా పలికారండీ! చూశారా అందరూ? నిజం చెబుతున్నప్పుడు ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది."